రోజుకు ఒక్క గుర్తు

కలకత్తాలో మా ఏక్‌బాల్‌పూర్ ఇంట్లో గోడకు ఎప్పుడూ ఒక కేలెండరు ఉండేది. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక చర్చిలో ఇచ్చేవారు. పైన బైబిలు వాక్యం, కింద నెల, ఒక్కో తేదీకి ఒక్కో గడి. దాన్ని తగిలించిన మేకుకే దారం కట్టి ఒక పెన్సిలు ముక్క వేలాడదీశాను. నాకు అప్పటికి చదువు రాదు, అంకెలు మాత్రం గుర్తుపట్టేదాన్ని. ఆ పెన్సిలు రాయడానికి కాదు, గీతలు పెట్టడానికి.

గీతలు మొదట మా ఆయన కోసం పెట్టాను. ఆయన రేవులో లాక్ గేటు దగ్గర ఖలాసీ. నదికి పోటు వచ్చే వేళకి గేటు తెరిచి ఓడల్ని లోపలికి వదలడం ఆయన పని. నెమ్మదైన మనిషి. అలాంటి మనిషి ఏడాదికో రెండేళ్లకో ఉన్నట్టుండి మారిపోయేవాడు. రెండు మూడు గంటలు నిద్రపోతే చాలు, తెల్లారకముందే లేచి అలుపు లేకుండా మాట్లాడేవాడు. సొంత అన్న శవపేటిక పక్కన నిలబడి, వచ్చినవాళ్లందరికీ తాను కొనబోయే లాంచీ గురించి చెప్పాడు. దానికి ఏ రంగు వేయించాలో పాస్టరుగారిని అడిగాడు. మూడు నాలుగు వారాలు అలా ఎగిరి, ఒకరోజు గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇక రెండు నెలలు లేచేవాడు కాదు. పిల్ల వచ్చి ఒళ్లో కూర్చున్నా చెయ్యి ఎత్తేవాడు కాదు.

మొదటిసారి ఎవరో ఆడమనిషి ఉందనుకున్నాను. ఆయన చొక్కాలు వాసన చూశాను. రెండోసారి తాగుడనుకున్నాను. నోరు వాసన చూశాను. మూడోసారి రేవులో ఎవరో ఏదో పెట్టారనుకుని, ఆయనకు టీ పోసే మనిషితో వీధిలో పోట్లాడాను. చివరికి పెద్దాసుపత్రిలో ఒక ముసలి డాక్టరు చూసి, దీని పేరు బైపోలార్ అని చెప్పాడు. మనసు వారాల తరబడి పైకి పోతుంది, నెలల తరబడి కిందికి పోతుంది, దానికి ఎవరి తప్పూ అక్కర్లేదు అన్నాడు. లిథియం అని ఉప్పులాంటి మాత్ర ఇచ్చాడు. అప్పుడప్పుడూ రక్తం తీసి, అందులో మందు ఎంత ఉందో చూసేవారు. నాకు రాయడం రాదంటే, "గీత పెట్టడం వచ్చుగా" అన్నాడు. ఎగిరిన రోజు గడికి పైన గీత, పడిన రోజు కింద గీత, మామూలు రోజు మధ్యలో చుక్క.

గీత పెట్టడం నాకు ఎందుకు రాదు? నేను మునిసిపాలిటీలో వీధులు ఊడ్చేదాన్ని. తెల్లవారి ఆరింటికి మా వార్డు ఆఫీసు ముందు హాజరు. గుమాస్తా బాబు పుస్తకం తెరిచి పేరు పిలుస్తాడు, రోజుకు ఒక్క గుర్తు. ఉన్నావంటే ఒకటి, లేవంటే ఇంకొకటి. ఆరూ పదికి చీపురు భుజాన వేసుకుని పరుగెత్తుకుంటూ వచ్చినా ఆ రోజంతా రానట్టే. మధ్యాహ్నం దాకా ఊడ్చినా ఆ గుర్తు మారదు. ఒక రోజంటే ఒక గుర్తని నా చేతులకు అలవాటైపోయింది.

మా ఆయన విషయంలో ఆ అలవాటు బాగా పనికొచ్చింది. కేలెండరును ఇంటి గుమ్మంలోంచి చూసినా తెలిసేది. ఒక నెలంతా పైన గీతలు, తరువాత రెండు నెలలు కింద గీతలు, తరువాత మందు పట్టినాక చుక్కలు, చుక్కలు, చుక్కలు. తొమ్మిదేళ్లు చుక్కలే. ఆ తొమ్మిదేళ్లూ ఆయన గేటు దగ్గరికి పోయి వచ్చాడు, పిల్లకు లెక్కలు చెప్పాడు, చర్చిలో కుర్చీలు సర్దాడు. ఆ తరువాత ఒక మధ్యాహ్నం గుండె ఆగి పోయాడు. దానికీ ఆ మాత్రలకూ సంబంధం ఉందేమోనని చాలా రోజులు అనుమానించాను. డాక్టరు లేదన్నాడు. ఆయన మాట ఇప్పటికి నమ్ముతున్నాను.

ఆయన పోయిన రెండేళ్లకు మా అమ్మాయి మొదలుపెట్టింది.

"మొదలుపెట్టింది" అనే అప్పుడు అనుకున్నాను, కావాలని చేస్తున్నట్టు. దానికి పంతొమ్మిదేళ్లు. గార్డెన్ రీచ్ దర్జీల దగ్గర్నుంచి చొక్కాలు తెచ్చుకుని బొత్తాలు, కాజాలు కుట్టేది. చెయ్యి చాలా నాజూకు. మా సందులోనే ఉండే ఒక ముస్లిం అమ్మాయి దానికి స్నేహితురాలు. ఇద్దరూ ఆ అమ్మాయి ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని కుట్టేవారు. ఒకరోజు ఆ పిల్లను మించిన మనిషి లోకంలో లేదని చెవులకున్న కమ్మలు తీసి ఇచ్చేసి వచ్చేది. మర్నాడు ఆ పిల్ల ఇంకెవరితోనో నవ్విందని, "అది పాము. దాని మొకం సూడను" అని తలుపేసుకుని ఏడ్చేది. పొద్దున ఆకాశానికి ఎత్తినదాన్ని సాయంత్రం కాలవలో పారేసేది. నన్నూ అంతే. "నువ్వు నేకపోతే నాను సచ్చిపోతానే అమ్మా" అని మెడ పట్టుకునేది. గంటకి, "నన్నెందుకు కన్నావు" అనేది.

ఆ ఎండాకాలం పొడుగు చేతుల జాకెట్లు కుట్టుకుంది. మే నెల, కలకత్తా ఉక్క, మణికట్టు దాకా గుడ్డ. నాకు అనుమానం వచ్చింది. నిద్రలో ఉండగా జాకెట్టు చెయ్యి పైకి లాగి చూశాను, గాయాలు. ఎవరో కొట్టారనుకున్నాను మొదట. తరువాత తెలిసింది, తనే చేసుకుంటోందని.

నాకు తెలిసిన రోగం ఒకటే. తండ్రి రక్తం, తండ్రి రోగం. కేలెండరు మేకుకు మళ్లీ పెన్సిలు కట్టాను.

ఆ గీతలు ఎలా పెట్టానో చెప్పాలి, తప్పంతా అందులోనే ఉంది. పొద్దున ఏడ్చిందనుకోండి. కింద గీత. మధ్యాహ్నం స్నేహితురాలు గుమ్మంలో నిలబడి "రావే" అంటే, మొహం కడుక్కుని, నవ్వుకుంటూ పోయింది. ఆ నవ్వుకు గుర్తు లేదు. రోజుకు ఒక్కటేగా, అది అప్పటికే పెట్టేశాను. పైగా ఆ నవ్వును నేను నమ్మలేదు. మా ఆయన పడిపోయినప్పుడు ఎవరు గుమ్మంలో నిలబడ్డా లేచేవాడు కాదు. అసలు రోగమైతే అంత త్వరగా పోతుందా? కమ్మలిచ్చేసి, సందులో పిల్లలందరికీ బిస్కెట్లు పంచిన సాయంత్రం మాత్రం పైన గీత పెట్టాను. అది ఒక్క సాయంత్రమే. కానీ గడి నిండిపోయింది. ఆ ఏడాది కేలెండరులో ఒక్క చుక్క కూడా పెట్టలేదు.

కేలెండరు చుట్టి చంకలో పెట్టుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని, అదే ముసలి డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన మమ్మల్ని మరిచిపోలేదు. కాగితం బల్ల మీద పరిచి, వేలితో గడులన్నీ తడిమాడు. నెలల పొడుగునా కింద గీతలు, అక్కడక్కడా పైన గీతలు. తండ్రి సంగతి ఆయనకు తెలుసు. గదిలో నేనే మాట్లాడాను. అమ్మాయి కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఆయన లిథియం రాశాడు.

ఎనిమిది నెలలు వేసుకుంది. దాహమని గడియకోసారి నీళ్లు తాగేది. వేళ్లు సన్నగా వణికేవి. సూదిలో దారం ఎక్కించడానికి రెండు మూడుసార్లు ప్రయత్నించి, సూదిని నేలకేసి కొట్టేది. కాజాలు వంకర పోయాయని దర్జీ చొక్కాలు తిప్పి పంపాడు. అది దానికి చాలా అవమానం. ఏడుపులు మాత్రం తగ్గలేదు. పొడుగు చేతుల జాకెట్లూ పోలేదు.

మాత్ర ఉమ్మేస్తోందని నా అనుమానం. రోజూ మింగాక నోరు తెరిపించేదాన్ని.

"నాలిక ఎత్తు."

"మింగీసానే."

"ఎత్తమన్నాను కాదేటి."

"కిందా మీదా సూసుకో. ఏలెట్టి కూడా సూసుకో, పోలీసమ్మ."

అయినా నమ్మలేదు. దిండు కింద వెతికాను. కాలవ మూత తీసి చూశాను. వీధులు ఊడ్చే మనిషిని, మనుషులు ఏం పారేస్తారో, ఎక్కడ పారేస్తారో నాకు తెలుసు.

అక్షరాలు నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. నలభై ఆరేళ్లు. చర్చిలో ఆదివారం సాయంత్రం ఒక పెద్దావిడ ఆడవాళ్లకు తెలుగు నేర్పేది. అక్కడ పిల్లలు బెంగాలీ బడికో హిందీ బడికో పోతారు, తెలుగు ఇంట్లో మాట్లాడటానికే. మా అమ్మాయీ అంతే, తెలుగు అక్షరం చదవలేదు. నేను చదువు మీద ప్రేమతో వెళ్లలేదు. కాగితం చూసి మాట్లాడే ప్రతి మనిషీ దాంట్లో ఉన్నది ఒకటి, నాకు చెప్పేది ఒకటి అని నా నమ్మకం. చేతిలో కాగితం ఉన్నవాళ్లంటే భయం. ఆ భయంతో కళ్లద్దాలు కొనుక్కుని అ, ఆ దిద్దాను. తెలుగు నేర్చుకుంటే బెంగాలీ చీటీ ఎలా తెలుస్తుందని ఆలోచించలేదు. తెలిసిన భాషలో అయినా ఒకడు నన్ను మోసం చేయకుండా ఉంటే చాలనుకున్నాను.

ఎనిమిదో నెలలో మళ్లీ రక్తం తీశారు. ముసలి డాక్టరు ఆ చీటీని పాత చీటీలతో కలిపి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మందు రక్తంలో సరిగ్గా ఎంత ఉండాలో అంతే ఉంది. మీ అమ్మాయి రోజూ మింగుతోంది."

అమ్మాయి నా వైపు చూసింది. పోలీసమ్మ అని ఉంటే బాగుండేది.

"మరి ఎందుకు తగ్గదు?" అన్నాను.

"నేను తప్పు చదివానేమో." పెద్దమనిషి నోట ఆ మాట అంత సులువుగా రావడం నాకు ఇంకా అనుమానం కలిగించింది. భవానీపూర్‌లో ఒక ఆసుపత్రికి చీటీ రాసి, అక్కడ ఒక డాక్టరమ్మ ఉంది, ఆవిడ తీరిగ్గా చూస్తుంది అన్నాడు. వదిలించుకుంటున్నాడనే అనుకున్నాను.

డాక్టరమ్మ చిన్నది. మా అమ్మాయికి అక్కలా ఉంటుంది, అది బెంగాలీలో దిది అనే పిలిచేది. మెడలో గొట్టం లేదు, రక్తం అడగలేదు, చెయ్యి పట్టుకోలేదు. కుర్చీ వేసుకుని కబుర్లకు కూర్చున్నట్టు కూర్చుంది. ఇదేం డాక్టరు అనుకున్నాను. నన్ను "మాసీ" అని పిలిచింది, పిన్నీ అన్నట్టు. మేం మాట్లాడింది బెంగాలీలో.

కేలెండరు ముందు పెట్టాను. చూసి, మా అమ్మాయిని అడిగింది. "ఇది నీదేనా? ఇలాగే ఉన్నావా?"

అమ్మాయి మొదటిసారి నోరు విప్పింది. "అందులో నేను లేను. పొద్దున ఏడిస్తే ఆ రోజంతా ఏడ్చినట్టే అమ్మకి."

"రోజంతటికీ ఒక్క గుర్తేనా, మాసీ?"

"హాజరు ఒక్కటే కదా," అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. వార్డు ఆఫీసు సంగతి చెప్పాను. ఆరింటి హాజరు, ఆరూ పది మనిషి. ఆవిడ నవ్వలేదు. కేలెండరు తన వైపు తిప్పుకుని, మా ఆయన గురించి అడగడం మొదలుపెట్టింది. ఎగిరినప్పుడు ఎంతసేపు నిద్రపోయేవాడు? మర్నాడు అలిసేవాడా? ఎన్నాళ్లుండేది? పడిపోయినప్పుడు ఎవరైనా ప్రేమగా పలకరిస్తే తేలికపడేవాడా? ఎగిరినప్పుడు చెడ్డవార్త వస్తే దిగేవాడా?

నేను అన్న శవపేటిక దగ్గర లాంచీ సంగతి చెప్పాను.

"ఇప్పుడు అమ్మాయి. నిద్ర?"

"ఏడ్చిన రోజు పట్టదు. పట్టకపోతే మర్నాడు వడలిపోతుంది."

"ఎంతసేపు ఉంటుంది ఆ బాధ?"

"గంట. రెండు గంటలు. ఒక్కోసారి పూట. స్నేహితురాలు వచ్చి పిలిస్తే పోతుంది. అందుకే కదా నటన అంటున్నాను."

"నటన కాదు, మాసీ. మీ ఆయనకు వచ్చింది నదికి వచ్చే పోటు లాంటిది. దాని వేళకి వస్తుంది, దాని వేళకి పోతుంది. గట్టు మీద ఎవరున్నా లేకపోయినా దానికి పట్టదు. ఈ అమ్మాయికి వచ్చేది మనుషుల వల్ల కదులుతుంది. ఎవరో వెళ్లిపోతున్నారనిపిస్తే చాలు, గంటలో మునిగిపోతుంది. ఉన్నారని తెలిస్తే తేలుతుంది. మునిగినప్పుడు నిజంగానే మునుగుతుంది. తేలడం చూసి మునగడం అబద్ధమని మీరు అనుకుంటున్నారు."

పోటు గురించి లాక్ గేటు ఖలాసీ పెళ్లానికి చెబుతోంది అనుకున్నాను. కానీ మాట నాటుకుంది.

దీన్ని బోర్డర్‌లైన్ పర్సనాలిటీ అంటారని, అయితే ఒక్కరోజులో తేల్చనని ఆవిడ చెప్పింది. రెండూ ఉన్నవాళ్లు కూడా ఉంటారట. తండ్రికి ఉంది కాబట్టి అదీ కనిపెట్టి చూడాలట. అందుకని మాత్రలు మా అంతట మేం ఆపకూడదంది. "రెండు వారాలు రాసి తీసుకురండి. గుర్తులు వద్దు. రోజుకు నాలుగుసార్లు, ఎలా ఉంది, దానికి కాస్త ముందు ఏం జరిగింది. ఏం జరిగిందో అదే ముఖ్యం."

"నేను తెలుగులో రాస్తాను, మీకు రాదుగా," అన్నాను.

"మీరే చదివి బెంగాలీలో చెప్పండి."

రెండు వారాలు రాశాను. ఒక్కో మాటకు ఎంత సేపు పట్టేదో. కొమ్ములు, వట్రసుళ్లు చెమట పట్టించేవి. అమ్మాయి ఎదురుగానే కూర్చుని రాసేదాన్ని, దానికి చదవడం రాదుగా. అలా దాని ముందే దాని మీద రాయడంలో ఒక రకమైన ధీమా ఉండేది. నా జీవితమంతా ఇతరులు నా ముందు కూర్చుని నా గురించి రాశారు. ఇప్పుడు నా వంతు.

"ఏటి రాత్తున్నావు?"

"నీకెందుకే."

"నా మీదే కాదేటి."

"డాక్టరమ్మకి సెప్తానులే."

రెండు వారాలయ్యాక భవానీపూర్‌లో ముగ్గురం కూర్చున్నాం. పుస్తకం తెరిచి, వేలు పెట్టుకుని చదివాను, చదివింది బెంగాలీలో చెప్పాను. సోమవారం మధ్యాహ్నం ఏడ్చింది, ముందు: స్నేహితురాలు పెళ్లిచూపులకు మెటియాబుర్జ్ వెళ్లింది. మంగళవారం బాగుంది, ముందు: స్నేహితురాలు వచ్చింది. గురువారం సాయంత్రం గ్లాసు విసిరింది, ముందు: నేను చర్చిలో ఉపవాస కూడికకు బయలుదేరాను. శనివారం చెయ్యి కోసుకుంది, ముందు: ఏమీ లేదు.

"అబద్ధం," అంది అమ్మాయి తెలుగులో.

ఆగాను.

"ఏమీ నేదని ఎలగ రాసినావు? శనివారం పొద్దుట ఏటన్నావు నన్ను?"

"నానేటన్నాను?"

"నువ్వే సెప్పు. డాక్టరు దిదికి సెప్పు, నువ్వే కదా సెప్తున్నావు అన్నీ."

నాకు గుర్తుంది. రాస్తున్నప్పుడు కూడా గుర్తుంది. దాన్ని జరిగిన సంగతి అనుకోలేదు, అంతే. మాట కదా, మాటను ఎవరు రాస్తారు? డాక్టరమ్మ మా ఇద్దరి మొహాలూ చూస్తోంది, తెలుగు ఆవిడకు రాదు. మాట మార్చి ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు. కానీ పక్కన కూర్చున్నదానికి నాకంటే బాగా బెంగాలీ వచ్చు.

చెప్పాను. ఇంకొక భాషలో చెబితే మన మాట మనది కానట్టు వినిపిస్తుంది. "మీ నాన్నది రోగం, నీది పొగరు అన్నాను. నీతో పడలేను, మా ఊరు శ్రీకాకుళం పోతాను, మళ్లీ రాను, నువ్వూ నీ కత్తెరా ఉండండి అన్నాను."

మా అమ్మాయి తల వంచుకుని ఏడుస్తోంది, కానీ ఆ ఏడుపు నాకు తెలిసిన ఏడుపులా లేదు.

"ఈ మాట ఎన్నిసార్లు అని ఉంటారు, పోతానని?" డాక్టరమ్మ అడిగింది.

"అందరు తల్లులూ అంటారు," అన్నాను. "అయితే నా వల్లే వచ్చిందంటారా?"

"లేదు. ఒక్కరి మాట వల్ల వచ్చే జబ్బు కాదిది. కొందరికి పుట్టుకతోనే మనసు తోలు పలచగా ఉంటుంది. తండ్రి మంచానపడితే అది వాళ్లకు వెళ్లిపోయినట్టే ఉంటుంది, ఆయన నిజంగా పోతే ఇంకా ఎక్కువ. మీరు చేశారని కాదు. మీరు ఆపగలిగినది ఒకటుందని చెబుతున్నాను."

ఆవిడ మాట పూర్తిగా నమ్మలేదు. తప్పు మీది కాదని చెప్పే మనిషి తరువాత ఏదో అడుగుతుందని నా అనుభవం. అడిగింది కూడా. వారం వారం అమ్మాయిని పంపమంది. మందు కంటే మాటే ఎక్కువ పని చేస్తుందట ఈ జబ్బుకి, ఏడాదో ఇంకా ఎక్కువో పడుతుందట. లిథియం ముసలి డాక్టరుతో మాట్లాడి, రక్తం చూసుకుంటూ కొంచెం కొంచెంగా తగ్గించింది. ఒక్కసారిగా ఆపలేదు. మూడో నెలకి సూదిలో దారం మొదటిసారికే ఎక్కింది. అమ్మాయి నాకు చూపించలేదు గానీ, నేను చూశాను.

వారం వారం మెట్రోలోనో బస్సులోనో పోయి, ఆసుపత్రి బల్ల మీద కూర్చునేదాన్ని. తలుపు వేసి ఉండేది. లోపల గంటసేపు మాటలు. ఏ మందూ లేని గదికి తలుపెందుకు? నా మీద ఏం చెబుతోంది? రెండుసార్లు చెవి ఆనించి విన్నాను. రెండోసారి డాక్టరమ్మ తలుపు తీసింది. "మాసీ, లోపల మీ గురించి చాలా తక్కువే మాట్లాడుకుంటాం," అంది. అది నాకు ఊరటగా కాదు, చిన్నతనంగా అనిపించింది.

అక్కడ నేర్చుకున్నదాన్ని అమ్మాయి ఇంట్లో చేసేది. మునుగుతున్నట్టు అనిపించగానే ఒక కాగితం తీసుకుని టైము వేసి, అప్పుడు తోచింది రాసేది. బెంగాలీలో. చెయ్యి చల్లటి నీళ్లలో పెట్టి కూర్చునేది. అరగంట ఆగి, తోచింది నిజమేనా అని మళ్లీ రాసేది. నేను నేర్చుకున్న పని: పోతాను అనకపోవడం, ఎక్కడికి పోతున్నానో, ఎన్నింటికి వస్తానో చెప్పడం. వినడానికి చిన్నదే. నలభై ఏళ్లుగా కోపం వస్తే నోటికి వచ్చే మాట అదొక్కటే, దాన్ని మింగితే వేరే మాట దొరికేది కాదు.

వర్షాకాలం చివర్లో ఒకరోజు వార్డు ఆఫీసులో పనుంది, నాలుగింటికి వచ్చేస్తానని చెప్పి పోయాను. తిరిగి వచ్చేటప్పుడు ఊరేగింపు. ఎర్రజెండాలు వంతెన మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా. బస్సులు ఆగిపోయాయి. ఊరేగింపులు ఆ ఊళ్లో వానలాంటివి, ఎవరూ ఆశ్చర్యపోరు, గంట నిలబడతారు. నేనూ గంట నిలబడ్డాను. తరువాత దిగి నడిచాను. నా పక్కన నడుస్తున్నవాడు పల్లీలు తింటున్నాడు. వాడి మీద ఎందుకు కోపం వచ్చిందో తెలియదు.

ఇంటికి చేరేసరికి ఆరు కావస్తోంది. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల ఎవరూ లేరు.

ముందు చూసింది నేల. ఊడ్చి, తడిగుడ్డ పెట్టి తుడిచి ఉంది. మా అమ్మాయి సాయంత్రం పూట ఇల్లు తుడిచే మనిషి కాదు. ముప్పై ఏళ్లు ఊడ్చినదాన్ని, శుభ్రంగా ఉన్న నేల ఎప్పుడూ ఏదో జరిగిందనే చెబుతుంది నాకు. తరువాత కుట్టు మిషను మీద కాగితం కనబడింది. దాని మీద సూది డబ్బా బరువు పెట్టి ఉంది. బెంగాలీ అక్షరాలు, కింద దాకా.

నేను చదవలేను. అంత కష్టపడి నేర్చుకున్న అక్షరాల్లో ఒక్కటీ ఆ కాగితం మీద లేదు. దాన్ని తిప్పి చూశాను, వెనక ఏమీ లేదు. మనుషులు అలా కాగితం రాసి, ఇల్లు తుడిచి, ఎక్కడికి పోతారో నాకు తెలుసు. లాక్ గేటు కూడా దూరం కాదు. వీధిలో ఎవరికైనా చూపిద్దామంటే, వాళ్లు చదివింది ఒకటి, నాకు చెప్పేది ఒకటి అయితే? ఆ క్షణంలో కూడా అదే ఆలోచన.

కాగితం పట్టుకుని స్నేహితురాలి ఇంటికి పరుగెత్తాను. చెప్పులు లేవని అక్కడికి పోయాక చూసుకున్నాను.

కిటికీ దగ్గర ఇద్దరూ కూర్చుని బొత్తాలు కుడుతున్నారు.

"ఏటే అమ్మా, అలగున్నావు?" అంది మా అమ్మాయి.

కాగితం చూపించాను.

"రాసినాను కదా, ఇక్కడికి ఎల్తన్నానని." అంటూనే ఆగిపోయింది. "అయ్యో. నీకు రాదు కదూ."

"సదువు," అన్నాను. "ఉన్నదున్నట్టు సదువు."

స్నేహితురాలు నీళ్లు తెచ్చింది. అమ్మాయి కాగితం తీసుకుని, బెంగాలీలో ఉన్నదాన్ని తెలుగులో చెబుతూ చదివింది, నేను భవానీపూర్‌లో చదివినట్టే, వేలు పెట్టుకుని.

"నాలుగూ పది. అమ్మ రాలేదు. నాలుగున్నర. అమ్మ శ్రీకాకుళం ఎల్లిపోనాది, ఇది నిజం. ఐదు. అమ్మ కళ్లద్దాలు గూట్లో ఉన్నాయి. కళ్లద్దాలు నేకుండా అమ్మ ఎక్కడికీ పారిపోదు. నిజం కాదేమో. ఐదూ పది. ఒక్కదాన్నే ఉండకూడదు. కిటికీ ఇంటికి ఎల్తన్నాను."

నేను దాని చేతుల వైపు చూశాను. చూడకూడదనుకుంటూనే చూశాను. అది కనిపెట్టింది. కాగితం పక్కన పెట్టి, రెండు చేతుల గుడ్డా మోచేతుల దాకా లాగి ముందుకు చాపింది. అన్నీ పాత గీతలే, మానిపోయినవి.

"సరిపోయిందా, పోలీసమ్మ?"

"సరిపోయింది."

నిజానికి సరిపోలేదు. నాలుగున్నరకీ ఐదుకీ మధ్య కాగితంలో ఏమీ లేదు. ఆ అరగంట నా బుర్రలో తిరుగుతూనే ఉంది, తుడిచిన నేలతో కలిపి. ఇదివరకైతే అడిగేదాన్ని కాదు. ఇంటికి పోయి మూలలన్నీ వెతికేదాన్ని.

"మజ్జినో అరగంట ఏటయ్యింది? నేల ఎందుకు తుడిసినావు?"

అమ్మాయి సూదిలో దారం ఎక్కించుకుంటూ, స్నేహితురాలి వైపు చూసి నవ్వాపుకుంది.

"టీ గ్లాసు గోడకేసి కొట్టీసినాను."

"ఏ గ్లాసు?"

"నీదే," అంది. "రాసుకో."